ఇంటి జ్వరం

నాలుగు రోజుల తర్వాత ఆమె డిపోకి వచ్చేసరికి డ్యూటీల బోర్డు ముందు పదిమంది మూగి ఉన్నారు. ఎవరో "వచ్చింది, వచ్చింది" అన్నారు. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. అంత మర్యాదగా దారి ఇస్తున్నారంటేనే ఆమెకు అనుమానం వచ్చింది.

ఆ డిపోలో మనుషుల్ని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. ఎవరు ఏ రూటులో బస్సు నడిపితే ఆ నంబరే పేరు. అలా ఒకాయన ఏడో నంబరు బావ, ఆమె పద్దెనిమిదమ్మ.

బోర్డు మీద, ఆ రోజు డ్యూటీల పక్కన, రెండు పెద్ద కాగితాలు కలిపి అంటించిన చార్టు ఉంది. స్కేలు పెట్టి గీసిన గళ్లు. మూడేళ్ల నెలలు, తేదీలు. అక్కడక్కడా మూడేసి గళ్లు, ఒక్కోచోట నాలుగు, ఎర్ర సిరాతో నింపి ఉన్నాయి. పైన గుండ్రటి అక్షరాలతో "రూటు 18: జ్వరం సెలవుల పట్టిక" అని శీర్షిక. కింద ఎవరో బాల్‌పెన్నుతో దుప్పటి కప్పుకున్న బస్సు బొమ్మ వేసి దాని నోట్లో థర్మామీటరు పెట్టారు.

బొమ్మ బాగా కుదిరింది. ఆమెకు ఒళ్లు మండింది కూడా అందుకే.

"హెడ్‌లైట్లు నీరసంగా వాలిపోయినట్టు ఎంత బాగా వేశారండీ! ఎవరిదీ చెయ్యి?" అంది.

ఏడో నంబరు బావ బూటు లేసు ముడి వేసుకోవడానికి గబుక్కున వంగాడు. ఆయన కాళ్లకున్నవి చెప్పులు.

ఆమె నేరుగా డ్యూటీల సూపర్‌వైజరు కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆయన జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయి. వచ్చినవాళ్లకి నీలం, సెలవుకి నలుపు, జబ్బుకి ఎరుపు. ముప్పై ఏళ్లలో ఒక పెన్నుతో రాయాల్సింది ఇంకో పెన్నుతో రాసిన పాపాన పోలేదు.

"ఏమిటండీ అది?"

"పట్టికమ్మా."

"పట్టికని తెలుస్తోంది. గోడ మీద ఎందుకని."

"మీ బదులు స్పేర్ డ్రైవర్లు వెళ్తున్నారు. ఎన్నిసార్లు వెళ్లారో వాళ్లకి తెలియొద్దూ? ఒక్క తేదీ తప్పున్నా చూపించండి, ఇప్పుడే దించేస్తా."

"జ్వరం వస్తే నేనేం చెయ్యనండీ?"

"నాకూ వస్తుందమ్మా, ఏడాదికోసారి. మీకు నెలనెలా వస్తుంది, మూడో రోజుకి దానంతటదే పోతుంది. పరీక్షలు చేయిస్తే మలేరియా కాదు, టైఫాయిడ్ కాదు, ఏదీ కాదు. పేరు లేని జ్వరాన్ని నేను ఏమని రాసుకోవాలి?" అంటూ కిటికీలోంచి ఒక కాగితం తోశాడు.

మేనేజరు సంతకంతో నోటీసు. శుక్రవారం పదకొండు గంటలకి వచ్చి సంజాయిషీ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే స్టీరింగు మీంచి తప్పించి బస్సులు కడిగే షెడ్డులో వేస్తారు.

ఆమె కాగితం రెండుసార్లు చదివింది. ఆ తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి, నాలుగు పిన్నులూ ఒక్కొక్కటే తీసి బోర్డు అంచుకి వరసగా గుచ్చి, చార్టుని మడత మీద మడత పెట్టి జేబులో పెట్టుకుంది.

"అది డిపో కాగితం!" కిటికీలోంచి కేక వినపడింది.

"దాని మీదున్నది నా జ్వరం," అంది ఆమె.

బస్సు చుట్టూ ఒకసారి తిరిగింది. టైర్లని బూటుతో తన్ని చూసింది. నాలుగు రోజులుగా ఎవరెవరో కూర్చున్న సీటు బాగా వెనక్కి జరిగి ఉంటే ముందుకు లాక్కుంది. అద్దాలు సరిచేసుకుంది. ఇంజను వెయ్యగానే బ్రేకుల గాలి మీటరు ముల్లు మెల్లగా పైకి లేచింది. అది ఆకుపచ్చ గీత చేరేదాకా ఆగి హ్యాండ్‌బ్రేకు వదిలింది. బస్సు బుస్సుమని నిట్టూర్చి కదిలింది. కూరగాయల మార్కెట్ మలుపులో వెనక చక్రం గట్టు ఎక్కకుండా తిప్పడం ఆ రూటులో ఒక విద్య. ఆ మలుపు తిరిగేటప్పుడు ఆమె నోటీసు సంగతి పూర్తిగా మర్చిపోయింది.

రెండో స్టాపులో రోజూ ఎక్కే టైలరు మామ్మ ముందు సీట్లో కూలబడి, "మళ్లీ జ్వరమా తల్లీ? నిన్న వచ్చినాయన స్టాపు దాటి అర ఫర్లాంగు అవతల ఆపాడు. కుట్టుమిషను కాళ్లేగానీ నావి పరుగెత్తే కాళ్లా?" అంది.

చివరి స్టాపులో బస్సు ఆపి మంచినీళ్లు తాగుతుంటే ఫోను మోగింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ. రెండు నెలల కిందట తను, నాన్న, అమ్మ, కూతురు నలుగురూ రక్తం ఇచ్చి వచ్చారు. నాన్నకీ ఇదే జ్వరం, కూతురికీ ఇదే జ్వరం. బంధువుల్లో దానికి ఇంటి జ్వరమని పేరు. ఇంటిపేరుతో పాటు వచ్చిందని వేళాకోళం.

"రిపోర్టు వచ్చింది. రేపు పొద్దున్నే అందరూ రండి. అందరూ అంటే అందరూ," అంది డాక్టరమ్మ. గొంతులో ఉత్సాహం ఆపుకోలేకపోతోంది.

*

మర్నాడు ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. భర్త ప్రెస్సులో పొద్దుటి షిఫ్టుకి వెళ్లిపోయాడు. మిగిలిన నలుగురూ తొమ్మిదింటికల్లా ఆసుపత్రిలో ఉన్నారు.

నాన్న బోర్డులు రాసే పెయింటరు. పని మానేసి ఆరేళ్లయినా కళ్లు మానలేదు. ఆసుపత్రి వరండాలో నడుస్తూ ప్రతి గది మీది అక్షరాలకీ మార్కులు వేస్తున్నాడు. "ఈ 'క్ష' చూడవే, నడుం పట్టేసినట్టు ఎలా ఉందో." ఎనిమిదేళ్ల కూతురు, అందరూ పిచ్చుక అని పిలిచేది, తాతయ్య వేలు పట్టుకుని నిజంగానే చూస్తోంది. అమ్మ మాత్రం సంచీ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద నిటారుగా కూర్చుంది.

డాక్టరమ్మకి ముప్పై ఐదేళ్లుంటాయి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, ఆ పెన్సిలు కోసమే బల్లంతా వెతుకుతోంది. గదిలో మూడే కుర్చీలు. పిచ్చుక బరువు తూచే మిషను మీద నిలబడింది.

"మీ జ్వరానికి కారణం దొరికింది," అంది డాక్టరమ్మ. "చెప్తాను, అర్థం కాకపోతే మధ్యలోనే ఆపండి. మన ఒంట్లో ఒక ప్రొటీను ఉంటుంది. ఒంట్లోకి చెడు ఏదైనా చొరబడితే గోల చెయ్యడం దాని పని. ఆ గోలకే ఒళ్లు కాలడం, వాపులు, నొప్పులు. గోల అవసరమే. కానీ దాన్ని అదుపులో పెట్టేవాళ్లూ ఉండాలి కదా? ప్రొటీన్లని కత్తిరించే ఎంజైములని ఉంటాయి. చిన్నచిన్న కత్తెరలనుకోండి. అందులో ఒకటి వచ్చి ఈ గోల చేసేదాన్ని ఒకే ఒక్క చోట టక్కున కత్తిరిస్తుంది. అంతటితో దాని నోరు మూతపడుతుంది."

"మరి మా కత్తెర మొద్దుబారిందా?" అడిగింది ఆమె.

"అక్కడే ఉంది తమాషా. మీ కత్తెర భేషుగ్గా ఉంది." డాక్టరమ్మ సొరుగులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసింది. దాని అంచున ఒకచోట చిన్న గాటు, పక్కన 'ఇక్కడ చింపండి' అని రాసి ఉంది. "కత్తిరించాల్సిన చోటు ఇలా గుర్తు పెట్టి ఉంటుంది. మీకు, మీ నాన్నగారికి, పాపకి సరిగ్గా ఆ గుర్తు దగ్గర, పుట్టుకతో వచ్చే జన్యువుల రాతలో, ఒక్క అక్షరం మారింది. కత్తెర వస్తుంది, గుర్తు కోసం వెతుకుతుంది, దొరక్క ఊరికే ఉండిపోతుంది. గోల చేసేది చేస్తూనే ఉంటుంది."

ప్యాకెట్ పిచ్చుకకి ఇచ్చి గాటు లేని వైపు నుంచి చింపమంది. పిచ్చుక వేళ్లతో లాగి, గోళ్లతో గీరి, చివరికి పళ్లతో కొరికినా ప్యాకెట్ చెక్కుచెదరలేదు.

"ఒక్క అక్షరమే?" అన్నాడు నాన్న. ఆయన కుర్చీ అంచుకి జరిగిపోయాడు. "ఒక్క అక్షరమంటే తక్కువనుకుంటున్నారా అమ్మా? కుర్రతనంలో కళ్ల ఆసుపత్రికి బోర్డు రాయమంటే 'పళ్ల ఆసుపత్రి' అని రాశాను. మూడు రోజులు జనం బుగ్గలు పట్టుకుని వచ్చారు. పాపం ఆ కళ్ల డాక్టరు నాకోసం ఊరంతా వెతికాడు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "సరిగ్గా అదేనండీ. నేను క్లాసులో చెప్పాల్సినప్పుడు ఇదే చెప్తాను."

"ఎప్పుడూ ఉండకుండా నెలకోసారే ఎందుకొస్తుంది?" అడిగింది ఆమె.

"అది నాకూ తెలియదు. తెలిసినట్టు చెప్పను. ఇలాంటి కుటుంబాలు పుస్తకాల్లో చాలా కొద్దిగా ఉన్నాయి. వాళ్లకీ ఇలా వచ్చిపోతూనే ఉంటుంది. మీలో మారిన అక్షరం మాత్రం ఇంతవరకు ఎవరిలోనూ కనపడలేదు. జ్వరం దీనివల్లేనని నేను గట్టిగా రాయాలంటే, ఏ తేదీల్లో వచ్చిందో రాతలో ఉండాలి. నోటిమాట చాలదు. ఎవరైనా రాసిపెట్టారా?"

ఆమె జేబులోంచి మడతల కాగితం తీసి బల్ల మీద పరిచింది.

డాక్టరమ్మ మొదట దుప్పటి కప్పుకున్న బస్సుని చూసింది. ఆ తర్వాత గళ్లలోకి వంగి ఇక తల ఎత్తలేదు. జుట్టులోని పెన్సిలు చేతికి తగిలి దొరికింది. ఒక ఎర్ర గడి నుంచి ఇంకో ఎర్ర గడికి రోజులు లెక్కపెట్టి పక్కన రాసుకుంటూ పోయింది. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. ఇరవై ఆరు. ఇరవై ఏడు.

"ఇక్కడ యాభై నాలుగు ఎందుకొచ్చింది?"

ఆమె తేదీ చూసింది. "అప్పుడు పది రోజులు మామూలు సెలవు పెట్టి సముద్రానికి వెళ్లాం. పిచ్చుక ఇసుకలో ఆడుకుంది. నేను గదిలో మూడు రోజులు ముసుగుతన్ని పడుకున్నా."

"సెలవు మీదుంటే ఆయన జబ్బు గడి నింపడు కదా," అంది డాక్టరమ్మ. "యాభై నాలుగుని సగం చెయ్యండి, ఎంత? దొంగ జ్వరం తెచ్చుకునేవాళ్లెవరైనా సొంత సెలవుల్లో తెచ్చుకుంటారా? ఇంత శ్రద్ధగా ఎవరు రాశారమ్మా ఇది? నా దగ్గర చదువుకునే పిల్లలెవ్వరూ ఇంత శుభ్రంగా రాయరు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా డ్యూటీల సూపర్‌వైజరు," అంది. "ఇది నన్ను బస్సు మీంచి దింపడానికి రాశారు." నోటీసు కూడా తీసి ఇచ్చింది. డాక్టరమ్మ చదివి, చార్టుని కాపీ తీయించడానికి పంపి, లెటర్‌హెడ్ కాగితం ముందుకు లాక్కుంది.

రాయడం అయ్యాక అమ్మ వైపు తిరిగింది. "పెద్దాయన తేదీలు కూడా దొరికితే ఎంతో మేలు. ఆయనకి ఎప్పుడెప్పుడు వచ్చేదమ్మా?"

"పనున్నప్పుడు," అంది అమ్మ.

పిచ్చుక కిలకిలా నవ్వింది. నాన్న ముఖం ముడుచుకున్నాడు. "చూశారా డాక్టరమ్మా, ముప్పై తొమ్మిదేళ్లుగా ఇదే మాట."

"ఆ జ్వరం నిజమేనమ్మా," అంది డాక్టరమ్మ మెత్తగా. "ఆయన ఒంట్లోనే ఉంది. మందు కూడా ఉంది, ఇంజెక్షను. ఇలాంటివాళ్లలో కొందరికి బాగా పనిచేసింది. అందరికీ పనిచేస్తుందని మాటివ్వలేను. వచ్చే వారం మొదలుపెడదాం. తేదీలు గుర్తొస్తే రాసి పంపండి."

అమ్మ బిస్కెట్ ప్యాకెట్ వైపు చూస్తూ ఉండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు నాన్నకి ఇచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ సీటు ఆవిడదే.

*

శుక్రవారం పదకొండింటికి మేనేజరు గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. సూపర్‌వైజరు పెద్ద హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని ముందే వచ్చి నిలబడ్డాడు. ఆమె లోపలికి రాగానే మొదట అడిగింది ఒకటే.

"నా చార్టు ఏదమ్మా?"

"డాక్టరమ్మ కాపీ తీయించుకుంది. ఇదిగో మీది." ఆమె మడతలు విప్పి ఇచ్చింది.

"ఆసుపత్రికి తీసుకెళ్లారా? తప్పులు పట్టడానికా?"

"ఒక్క తప్పూ లేదంది. తన దగ్గర చదువుకునే పిల్లలకన్నా శుభ్రంగా రాశారంది. ఆ తేదీలు చూసే జ్వరం నిజమని రాసిచ్చింది."

సూపర్‌వైజరు చార్టు వైపు చూశాడు. పెన్సిలుతో రాసిన అంకెలు కనపడ్డాయి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఆయన పెదవులు లోలోపల కదిలాయి. తనూ లెక్కపెట్టుకుంటున్నాడు.

మేనేజరు ఉత్తరం అటూ ఇటూ తిప్పాడు. "ఎంజైము అంటోంది, కత్తెర అంటోంది... నాకు కావాల్సింది ఒక్కటే. రోడ్డు మీద, బస్సు నిండా జనం ఉండగా జ్వరం వస్తే?"

"ముందురోజు సాయంత్రమే దవడ కింద బిళ్లలు కడతాయండీ," అంది ఆమె. "తెలిసిపోతుంది. అందుకే ముందే ఫోను చేస్తాను. మందు పడితే అదీ ఉండకపోవచ్చు. డాక్టరమ్మ మాత్రం మాటివ్వలేనంది."

"అంటే నెలకి మూడు రోజులు..."

"సార్," అన్నాడు సూపర్‌వైజరు. ఆయన మేనేజరు మాటకి అడ్డురావడం ఆ గదిలో ఎవరూ చూడలేదు. మేనేజరు కళ్లజోడు తీసి మరీ చూశాడు. సూపర్‌వైజరు పుస్తకం బల్ల మీద పెట్టి తెరిచాడు. "ఆ మూడు రోజులూ తీసేస్తే, మూడేళ్లలో ఈ అమ్మ ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన రోజు ఒక్కటి లేదండి. మొత్తం నీలమే. నేనే రాశాను. ప్రమాదం లేదు. స్టాపు దాటి ఆపిందన్న ఫిర్యాదు లేదు. ఇది నేను ఎప్పుడూ విడిగా చూడలేదు. ఎర్రవి మాత్రమే ఏరి రాశాను."

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు మేనేజరు.

సూపర్‌వైజరు జేబులోంచి నల్ల పెన్ను తీశాడు. "తేదీ ముందే తెలిసేదయితే అది నాకు సమస్యే కాదండి. వచ్చే నెల పన్నెండు, పదమూడు. ఆ వారం సెలవూ పై వారం సెలవూ పక్కపక్కన పెడతా. మూడో రోజు ఏడో నంబరుతో మార్పిడి. ఒక రోజు అటూ ఇటూ అయితే ఫోను ఉండనే ఉంది." ఆమె వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "గోడ మీద పెట్టి ఉండాల్సింది కాదమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటకే చెవులు ఎర్రబడ్డాయి.

"తేదీలు తప్పు రాయలేదు కదండీ, అదే పదివేలు," అంది ఆమె.

మేనేజరు నోటీసుని రెండుగా చింపి బుట్టలో వేశాడు. "వెళ్లమ్మా, బండి టైమయింది."

బయట ఏడో నంబరు బావ ఎదురుచూస్తున్నాడు. "అది అంటుకునేది కాదు కదా?" అన్నాడు భయంభయంగా.

"మా ఇంట్లో పుట్టినవాళ్లకే, బావా."

"హమ్మయ్య," అని, ఒక అడుగు వేసి వెనక్కి తిరిగి, "బస్సు బొమ్మ నేనే వేశాను," అన్నాడు.

"తెలుసు. మా నాన్నకి చూపించాను. చెయ్యి మంచిదట, చక్రాలు మాత్రం గుండ్రంగా లేవట."

*

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి నాన్న వీధి గదిలో కుర్చీలో దర్జాగా కూర్చుని ఫోనులో తమ్ముడికి చెప్తున్నాడు. రెండు రోజుల్లో ఇది పదకొండో ఫోను అని పిచ్చుక లెక్క. "సోమరితనం కాదురా! ఒక్క అక్షరం! పెద్దాసుపత్రిలో రాసిచ్చారు. నువ్వు ఇన్నాళ్లూ అన్న మాటలన్నీ వెనక్కి తీసుకో."

అమ్మ పక్కన పీట మీద కూర్చుని కమలాపండు ఒలుస్తోంది. ఒక్కో తొన మీదా తెల్లపీచు తీసి, గింజలు తీసి, పళ్లెంలో ఆయన ముందు పెడుతోంది. టీలో చక్కెర అడక్కుండానే రెండో చెంచా పడింది. రెండు రోజులుగా అమ్మ గొంతు ఇంట్లో వినపడలేదు. ఆమె డిపో సంగతి అంతా చెబితే కూడా "మంచిదే" అని మాత్రం అని, చేత్తో ఆమె వీపు నిమిరింది.

నాన్న మూడు తొనలు తిన్నాడు. నాలుగోది నోటిదాకా తెచ్చి ఆపాడు. అమ్మ వైపు ఓరగా చూశాడు. మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు.

"ఇదిగో, ఇలా చూడు. నువ్వు ఇంత చెయ్యక్కర్లేదు."

"ఎందుకండీ, పాపం. ముప్పై తొమ్మిదేళ్ల జ్వరం."

"అది... అన్నీ నిజం జ్వరాలు కావు."

పిచ్చుక నోరు వెళ్లబెట్టింది. ఆమె సంచీ కింద పెట్టేసింది. అమ్మ చేతిలో కమలాపండు మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది.

"మీ తమ్ముడు ఇల్లు మారినప్పుడు వచ్చింది కాదు," అన్నాడు నాన్న నేల వైపు చూస్తూ. "మన ఇంటికి సున్నం వేసినప్పుడు... రెండుసార్లూ కాదు. నీళ్ల ట్యాంకు కడగాల్సొచ్చినప్పుడల్లా కాదు. పిచ్చుక బడికి బెంచీలు మొయ్యడానికి రమ్మన్నప్పుడు వచ్చిందీ..."

"అది నిజమే," అంది అమ్మ.

"కాదే, నేను చెప్తున్నాగా..."

"అది నిజం జ్వరమేనండీ. మీకే గుర్తులేదు. రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నారు. మంచినీళ్లు కావాలా అంటే వద్దన్నారు. నిజంగా వచ్చినప్పుడు మీ నోట్లోంచి మాట రాదు. అబద్ధం జ్వరమయితే వీధి చివరిదాకా మూలుగు, గంటకోసారి టీ, టీలోకి బిస్కెట్లు."

నాన్న కళ్లు పెద్దవి చేశాడు. "మరి అన్నిసార్లూ తిట్టేదానివిగా!"

"అన్నిసార్లూనా? బాగా ఆలోచించుకోండి."

నాన్న ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. గడ్డం గోక్కున్నాడు. ఆమె కూడా అక్కడే నిలబడి తన జ్వరాలు గుర్తుచేసుకుంది. పొద్దున్నే కళ్లు తెరవలేక పడుకుంటే పిచ్చుక జడ వేసి బడికి పంపిన అమ్మ చెయ్యి, నుదుటి మీద మారుతున్న తడిగుడ్డ గుర్తొచ్చాయి. అమ్మ ఒక్క మాట అన్నట్టు గుర్తు రాలేదు.

"అయితే ఈ రెండు రోజులూ ఎందుకు నోరెత్తలేదు?" అన్నాడు నాన్న చివరికి.

"అబద్ధాలన్నీ కూడా డాక్టరమ్మ లెక్కలో కలిపేసి ఎన్నాళ్లు కూర్చుంటారో చూద్దామని," అంది అమ్మ.

పిచ్చుక కడుపు పట్టుకుని నేల మీద దొర్లింది. నాన్నకీ నవ్వాగలేదు. నవ్వుతూనే కుర్చీలోంచి దిగి పీట పక్కన నేల మీద కూర్చుని, మిగిలిన పండు తీసుకుని తనే ఒలవడం మొదలుపెట్టాడు.

"అమ్మా, నీకు నిజం జ్వరాల తేదీలు గుర్తున్నాయా?" అడిగింది ఆమె.

"గుర్తులేకేం? కాగితం తెచ్చుకో."

ఆమె పిచ్చుక నోటుబుక్కు తెచ్చుకుని గడప దగ్గర కూర్చుంది. అమ్మ కళ్లు సగం మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. కిందటేడు పిచ్చుక పుట్టినరోజుకి ముందు శనివారం. ఆ తర్వాత నాలుగో శుక్రవారం, కరెంటు పోయి ఇల్లంతా చీకటైన రోజు. తర్వాత బడి తెరిచిన వారం, గురువారం. ఆమె రాసుకుంటూ మధ్యలో వేళ్ల మీద లెక్కపెట్టింది. ఇరవై ఏడు. మళ్లీ ఇరవై ఏడు. నాన్న పండు ఒలవడం మర్చిపోయి, తన జ్వరాలన్నీ వరసగా ఎవరో చదువుతుంటే వింటున్నట్టు నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

ఒక పేజీ నిండింది. ఆమె పేజీ తిప్పింది.

"మరి మధ్యలో వచ్చిన అబద్ధాలు? అవీ రాయనా?"

అమ్మ నాన్న చేతిలోని కమలాపండులోంచి ఒక తొన తీసుకుని నోట్లో వేసుకుంది.

"అవి రాయకు," అంది. "అవి నా దగ్గరే ఉండనీ."